జిప్సీ నీళ్లు: ఒక చలికాలపు డైరీ

2023 నవంబరు 19, ఆదివారం

ములుగు దాటిన దగ్గర్నుంచి పొగమంచు. జంగాలపల్లి క్రాస్ దగ్గర ముందు పోతున్న ట్రాక్టర్ ట్రాలీకి వెనక లైటు లేదు, రిఫ్లెక్టరూ లేదు. బయటి మంచును వైపర్లు తుడుస్తున్నాయి, అద్దం లోపల పట్టిన ఆవిరిని తుడిచే దిక్కు లేదు. హీటర్ లీవరు ఎర్రగుర్తు చివరిదాకా లాగితే గోరువెచ్చని గాలి వచ్చింది, అదీ కాసేపే. టెంపరేచర్ ముల్లు 'సి' గీత మీద నుంచి కొంచెం లేచి అక్కడే ఆగిపోయింది. పస్రా వరకు బాటనీ సార్ పక్కసీట్లో కూచొని తువ్వాలతో అద్దం తుడుస్తూనే ఉన్నారు.

ఇదే బండి సెప్టెంబరులో హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో 'హెచ్' దాకా పోయి బానెట్ సందుల్లోంచి పొగలు కక్కింది. పొద్దున వేడెక్కదు, మధ్యాహ్నం మరిగిపోతుంది. ఇవి రెండు వేర్వేరు రోగాలనీ, ఒక్కోదానికి ఒక్కో వైద్యం చెయ్యాలనీ అందరి మాట. తిరిగే నీళ్లు ఒకటే అయినప్పుడు రోగాలు రెండెలా అవుతాయి?

నవంబరు 20

బండి వివరం రాసి పెడతాను. 1998 జిప్సీ కింగ్, 1298 సీసీ పెట్రోలు ఇంజన్, కార్బురేటరు. బ్లాకూ హెడ్డూ అల్యూమినియం. రేడియేటరు పాతకాలపు రాగి, ఇత్తడి. మారుతి వాళ్లు జిప్సీని 1985లో తెచ్చారు, పెద్ద ఇంజన్‌తో కింగ్ 1996లో వచ్చింది. మంచుకొండల్లో సైన్యానికీ, అడవుల్లో ఫారెస్టు వాళ్లకూ దశాబ్దాలు పనిచేసింది. దీని వారసుడని చెప్పే జిమ్నీ ఈ జూన్‌లోనే మన దేశంలో అమ్మకానికి వచ్చింది.

జూలై వరదల తర్వాత తాడ్వాయి మండలం గూడేల నుంచి బోరు నీళ్ల సీసాలు మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుకు ఇందులోనే వస్తున్నాయి. జనం పత్తి చేలకు పోకముందే అక్కడుండాలంటే మేం చీకటితోనే బయల్దేరాలి. వరంగల్‌లో హీటర్ ఏం చేసుకుంటావని అడిగేవాళ్లకు అర్థం కానిది ఇదే. అది మా ఒంటికి కాదు, అద్దానికి. వెచ్చని పొడిగాలి తగిలితే లోపలి తేమ నిమిషంలో విడిపోతుంది. అడ్డం వచ్చే పశువులను, ఆటోలను ముందే చూడగలుగుతాం.

నవంబరు 22

పొద్దున చల్లటి ఇంజన్ మీద చేత్తో పరీక్ష. ముందు రేడియేటరు మూత విప్పి చూశాను, నీళ్లు మెడ కిందికి దిగి ఉన్నాయి. నింపాను. మూత విప్పడం చల్లగా ఉన్నప్పుడే. నా బండి మూత మీద 0.9 అని ఉంది. అంత ఒత్తిడి కింద మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీలు దాటేదాకా మరగవు. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పోయి ఆ నీళ్లు భగ్గున మరిగి, ఆవిరితో కలిసి మొహాన పడతాయి. ఈ సంగతి మా పిల్లలకు క్లాసులో ప్రతి ఏడాదీ చెప్తాను.

స్టార్ట్ చేసి పై హోస్ మీద చెయ్యి వేసి ఉంచాను. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరులోకి పోనివ్వని తలుపే థర్మోస్టాట్. అది సరిగా ఉంటే ఆ పైపు చాలాసేపు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంత వేడెక్కాలి. నా బండిలో మొదటి నిమిషం నుంచే కొద్దికొద్దిగా వెచ్చబడుతూ పోయింది. అంటే నీళ్లు మొదటి నుంచే రేడియేటరులోకి పారిపోతున్నాయి. తలుపు తెరిచే ఉంది, లేదా తలుపే లేదు.

హీటర్ పైపులు రెండూ గోరువెచ్చన.

నవంబరు 25, శనివారం

ఆటోనగర్‌లో మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి పోయాను. పై హోస్ ఇంజన్‌ను కలిసేచోట రెండు బోల్టుల టోపీ ఉంటుంది. విప్పితే లోపల ఖాళీ. థర్మోస్టాట్ కూర్చునే గాడి మాత్రం తుప్పుతో నిండి ఉంది. నాకంటే ముందు ఎవరి చేతిలో ఉన్నప్పుడో తీసేశారు.

"మన ఎండలకు గది ఏం పని సార్? గది ఉంటేనే బండి హీటెక్కుతది. నేను ఎన్ని బండ్లల్ల తీసి పడేసిన్నో" అన్నాడు ఉస్తాద్. ఆయన చేతిపని మీద నాకు గౌరవం. ఇంజన్ చప్పుడు విని ట్యాపెట్ గ్యాప్ చెప్పగలడు. కానీ ఈ ఒక్క నమ్మకం వరంగల్ నుంచి ఖమ్మం దాకా ప్రతి షెడ్డులోనూ ఉంది, దాన్ని ఒప్పుకోలేను.

ఆయిల్ పోసే మూత విప్పి చూపించాడు. అడుగున తెల్లగా, వెన్నలాంటి నురగ.

"గ్యాస్కెట్ పోయింది సార్. ఆయిల్‌ల నీళ్లు కలుస్తున్నయి. హెడ్డు ఇప్పాలె."

డిప్‌స్టిక్ తీసి చూశాను. దాని మీద ఆయిల్ శుభ్రంగా, తేనె రంగులో ఉంది. నీళ్లు నిజంగా కలిస్తే అడుగు ఆయిల్ కూడా పాలచాయలా మారాలి. హెడ్డు ముట్టుకోవద్దని, వారం ఆగమని చెప్పి వచ్చాను.

నవంబరు 26

ఆ తెల్లనురగ గురించి రాత్రంతా ఆలోచన. ఇంజన్‌లో పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగులు దాటి ఆయిల్ ఉన్న చోటికి చేరుతుంది. ఇంజన్ 80, 90 డిగ్రీల వేడి మీద నడిస్తే ఆ ఆవిరి బయటికి పోతుంది. ఎప్పుడూ సగం వేడి మీదే నడిస్తే మూత లాంటి చల్లటి చోట్ల నీరై, ఆయిల్‌తో చిలికి వెన్న కడుతుంది. థర్మోస్టాట్ లేని ఇంజన్‌కు చలికాలంలో జరిగేది ఇదే. చల్లటి గోడల మీద పెట్రోలు ఆవిరి కాకుండా చెమ్మలా పట్టి సిలిండరు మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, రింగులు తొందరగా అరుగుతాయి.

థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు మరీ జోరుగా తిరిగి రేడియేటరులో చల్లబడే వ్యవధి ఉండదని కొందరంటారు. అది కూడా తప్పే. ప్రవాహం పెరిగితే వదిలే వేడి పెరుగుతుందే కానీ తగ్గదు. థర్మోస్టాట్ తీసేస్తే నిజంగానే బండి కొంత చల్లగా నడుస్తుంది. అసలు మోసం అక్కడే ఉంది. రేడియేటరు సగం మూసుకుపోయినా, ఫ్యాను సరిగా లాగకపోయినా ఆ చల్లదనం మాటున ఏళ్ల తరబడి దాగిపోతాయి. ఎండాకాలం ట్రాఫిక్‌లో బయటపడేనాటికి ఇంకేం తీసెయ్యాలో ఎవరికీ తోచదు.

డిసెంబరు 1

నిన్న పోలింగ్ డ్యూటీ. సామాను అప్పజెప్పి ఇల్లు చేరేసరికి తెల్లారింది. కొత్త థర్మోస్టాట్ హైదరాబాద్ నుంచి పార్సెల్‌లో వచ్చి ఉంది. పెట్టె విప్పకుండానే నిద్రపోయాను.

డిసెంబరు 3, ఆదివారం

ముందు గదిలో టీవీ, ఓట్ల లెక్కింపు. నేను వంటింట్లో. వాడని గిన్నెలో నీళ్లు, స్టవ్ మీద సన్నమంట, ల్యాబు నుంచి తెచ్చిన థర్మామీటరు. థర్మోస్టాట్ అంచు మీద 82 అని అచ్చుగుద్ది ఉంది. నడుమ చిన్న ఇత్తడి డబ్బీ, అందులో మైనం. మైనం కరిగి ఉబ్బితే సన్నని కడ్డీని నెట్టి వాల్వు తెరుస్తుంది. చల్లబడితే స్ప్రింగు మూస్తుంది. కరెంటు అక్కర్లేదు, తీగ అక్కర్లేదు.

కుట్టుదారం కొసను వాల్వు సందులో ఇరికించి, ఆ దారంతోనే నీళ్లలోకి వేలాడదీశాను. 70, 75, 80. గిన్నె అడుగున చిన్న బుడగలు. 83 దగ్గర దారం వదులైంది. థర్మోస్టాట్ జారి గిన్నె అడుగున టంగుమంది. తీసి చూస్తే వాల్వు బియ్యపుగింజ మందాన తెరుచుకుంది. నీళ్లు మరిగేసరికి పూర్తిగా విచ్చుకుంది. చన్నీళ్లలో వేస్తే నెమ్మదిగా మూసుకుంది. మా ఆవిడ వచ్చి చూసి, ఇంకోసారి చెయ్యమంది.

సాయంత్రం బిగించాను. దాని అంచున చిన్న రంధ్రం, అందులో ఊగే పిన్ను ఉంటాయి. నీళ్లు నింపేటప్పుడు చిక్కుకున్న గాలి బయటికి పోవడానికి అది. రంధ్రం పైవైపు ఉండేలా కూర్చోబెట్టాలి, లేకపోతే గాలి అక్కడే ఉండిపోతుంది.

డిసెంబరు 5

బాపట్ల దగ్గర మిచాంగ్ తుపాను తీరం దాటింది. ఇక్కడ పొద్దుట్నుంచీ ముసురు. వర్షంలో కాలేజీకి బండి తీశాను. ముల్లు సగానికి కొంచెం దిగువ దాకా వచ్చి కదలకుండా నిలిచింది. ఈ బండిలో ఇది చూడటం ఇదే మొదలు. పై హోస్ చాలాసేపు చల్లగా ఉండి, ఒక్కసారిగా కాలింది.

హీటర్ మాత్రం ఇంకా గోరువెచ్చనే. బానెట్ ఎత్తి రెండు పైపులూ పట్టుకున్నాను. లోపలికి పోయేది కాలుతోంది, తిరిగి వచ్చేది చల్లగా ఉంది. దీనికి అర్థం ఒక్కటే. వేడి నీళ్లు హీటర్ గుమ్మం దాకా వస్తున్నాయి, లోపలికి నడవడం లేదు. రెండు పైపులూ గోరువెచ్చగా ఉంటే తప్పు ఇంజన్ వేడిది. రెండూ కాలుతూ గాలి చల్లగా వస్తే గాలిని మళ్లించే రేకుదో బ్లోయరుదో తప్పు. ఎక్సలేటరు ఇచ్చినప్పుడు వెచ్చగా, ఐడిలింగులో చల్లగా వస్తే నీళ్లు తక్కువైనట్టు, గాలి చిక్కినట్టు, లేదా పంపు బలహీనపడినట్టు. డ్యాష్‌బోర్డు వెనక గడగడమని చప్పుడొస్తే గాలే. ఒక్క హీటర్ ఇన్ని కబుర్లు చెప్తుంది. పైపులు రెండూ కలిపి ముడేసి దాన్ని పక్కన పెట్టేస్తే ఈ సాక్షి నోరు కట్టేసినట్టే.

డిసెంబరు 10, ఆదివారం

హీటర్ విప్పాను. వాల్వును తిప్పే కేబుల్ క్లిప్పు ఊడి ఉంది. లోపల లీవరు చివరిదాకా పోతున్నా వాల్వు సగమే తెరుచుకుంటోంది. పిన్నీసంత స్ప్రింగు క్లిప్పు, దాని ధర చెప్పుకోవడానికి కూడా లేదు.

లోపల వేడినీళ్లు తిరిగే సన్నగొట్టాల కోరు సంగతి వేరు. నీళ్లు వచ్చే దారికి ఎదురుగా, తిరిగిపోయే గొట్టం నుంచి పైపు పెట్టి కడిగాను. ముందు కాఫీ రంగు నీళ్లు, తర్వాత ఇసుకలాంటి పలుకులు, ఆ తర్వాత పెచ్చులు. పెచ్చు ఒకటి అరచేతిలో పెట్టుకుని నిమ్మ ఉప్పు ద్రావణం చుక్క వేస్తే బుసబుసమని పొంగింది. కాల్షియం కార్బొనేటు. పోచమ్మమైదాన్ కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పునే గోరువెచ్చని నీళ్లలో కలిపి కోరు నిండా పోసి, బుడగలు ఆగేదాకా ఉంచి, మళ్లీ కడిగాను. నీళ్లు ధారగా పారాయి.

ఇది కోరును బండి నుంచి విడదీసి చేసిన పని. కొందరు బాత్‌రూం యాసిడ్‌ను నేరుగా రేడియేటరులో పోస్తారు. ఈ ఇంజన్ అల్యూమినియంది. యాసిడ్ తినేస్తుంది, చాకలి సోడా కూడా తినేస్తుంది. పెచ్చు పోతుంది, దాంతోపాటు బ్లాకూ పోతుంది.

బిగించాక హీటర్ గాలికి చెయ్యి అడ్డం పెట్టలేకపోయాను.

డిసెంబరు 16

ఊహించిందే జరిగింది. మధ్యాహ్నం వరంగల్ చౌరస్తాలో బండ్ల మధ్య ఇరుక్కుంటే ముల్లు సగం దాటింది, ముప్పావు దాటింది. హీటర్ పూర్తిగా తెరిచి, బ్లోయరు పెంచి, కిటికీలు దించాను. ముల్లు ఆగి, నెమ్మదిగా దిగింది. సెప్టెంబరులో ఈ ఉపాయం పనిచెయ్యలేదు. అప్పుడు హీటరే మూసుకుపోయి ఉంది మరి. చెమటలు కారాయి కానీ ఇంజన్ బతికింది.

ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే, "చెప్పిన గద సార్, థర్మోస్టాట్ తీసెయ్యిండ్రి" అన్నాడు. తీసేది లేదు. అది రోగం తేలేదు, రోగం ఉన్నచోటు చూపించింది. ములుగు రోడ్డు మీద అరవైలో పోతుంటే ముల్లు స్థిరంగానే ఉంటోంది, ఆగితేనే పెరుగుతోంది. నడకలో గాలి దానంతటదే వస్తుంది. ఆగినప్పుడు ఫ్యానే లాగాలి. ముందు గాలి సంగతి చూడాలి, తర్వాత నీళ్ల సంగతి.

డిసెంబరు 18, సోమవారం

ల్యాబులో, రెండో ఏడాది పిల్లలతో. మా కాలనీ బోరు నీళ్లు, గూడెం బోరు నీళ్లు, బ్యాటరీల షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటరు. అమ్మోనియా బఫరు, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ చిటికెడు. ద్రాక్షరసం రంగు. బ్యూరెట్ నుంచి ఈడీటీఏ చుక్కలు. ఒక్క చుక్క తేడాతో ఎరుపు పోయి నీలం వస్తుంది, ఆ చుక్క దగ్గర పిల్లలు ఊపిరి బిగబట్టారు. డిస్టిల్డ్ వాటరు ముందు నుంచే నీలం.

మా బోరు నీళ్లలో కఠినత్వం లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటింది. తాగేనీటికి భారతీయ ప్రమాణం 200, వేరే దారి లేనిచోట 600 వరకు ఒప్పుకుంటారు. తాగడానికి పరవాలేదేమో, ఇంజన్‌కు మాత్రం పనికిరాదు. వేడి తగిలితే బైకార్బొనేటు విరిగి కార్బొనేటై పెచ్చు కడుతుంది, అదీ బాగా వేడెక్కే చోటే ముందు కడుతుంది. రాగితో పోలిస్తే ఆ పెచ్చు వేడిని వందల రెట్లు తక్కువగా వదులుతుంది. పైగా అల్యూమినియం బ్లాకు, రాగి రేడియేటరు, నడుమ ఉప్పునీళ్లు. ఇది ఎలక్ట్రోకెమిస్ట్రీ పాఠంలో బొమ్మేసి చూపించే సెల్లే. కూలెంట్‌లో కలిపే తుప్పు నిరోధకాలు చేసేది ఆ సెల్లును ఆపడం. గడ్డకట్టకుండా ఉండటం లేహ్ వాళ్ల అవసరం, తుప్పు పట్టకుండా ఉండటం మన అవసరం.

డిసెంబరు 20

కాజీపేటలో కాకను కలిశాను. డీజిల్ లోకోషెడ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ పాత ఆల్కో ఇంజన్లలో వెయ్యి లీటర్లకు పైగా నీళ్లు తిరిగేవట.

"గండ్ల బోరు నీళ్లు పోస్తే ఊకుంటరా బిడ్డా? శుద్ధి చేసిన నీళ్లు, అండ్ల మందు. సాంపిల్ తీసి చూస్తుండె. నీళ్లు చెడితే ఇంజను చెడుతదని మాకు ముందుగాల నేర్పింది గదే."

పదహారు సిలిండర్ల ఇంజన్‌కు ఆ క్రమశిక్షణ ఉంది. నాలుగు సిలిండర్ల బండికి హోటల్ ముందు డ్రమ్ములో నీళ్లు ముంచి పోస్తాం.

డిసెంబరు 23, శనివారం

గ్యాస్కెట్ సంగతి ఈరోజు తేల్చాను. హెడ్ గ్యాస్కెట్ పగిలితే మండిన వాయువు నీళ్లలోకి తోసుకొస్తుంది. అందులో కార్బన్ డయాక్సైడు ఉంటుంది. అది తగిలితే బ్రోమోథైమాల్ బ్లూ నీలం నుంచి పసుపుకు మారుతుంది. కంపెనీలు పెట్టె కట్టి అమ్మే గ్యాస్కెట్ పరీక్ష కిట్లలో ఉండేదీ ఈ నీలం మందే. మా ల్యాబు బీరువాలో ఏళ్లుగా ఉంది.

ముందు మందు పనిచేస్తోందో లేదో చూడాలి. పరీక్షనాళికలో కొంచెం పోసి స్ట్రాతో ఊదాను. కొన్ని శ్వాసలకే ఆకుపచ్చై, పసుపైంది. బాగుంది. రేడియేటరులో నీళ్లు రెండంగుళాలు తగ్గించాను, నీళ్లు మందులోకి పీల్చుకు రాకూడదు కాబట్టి. చల్లగా ఉండగానే మూత తీసి, మెడకు రబ్బరు బిరడా బిగించి, గొట్టాన్ని నీలం మందులోకి దించాను. ఇంజన్ నడుస్తోంది. రబ్బరు బల్బు నొక్కుతూ రేడియేటరు మెడలోని గాలిని మందు గుండా లాగాను. ఉస్తాద్, ఆయన దగ్గరి కుర్రాళ్లు చుట్టూ నిలబడ్డారు. ఇంజన్ వేడెక్కింది, బుడగలు వస్తూనే ఉన్నాయి, మందు నీలంగానే ఉంది. ఆ తర్వాత ఇంకో నాళికలో మందు పోసి, గొట్టాన్ని సైలెన్సరు దగ్గర పెట్టి లాగాను. చూస్తుండగానే పసుపు.

ఉస్తాద్ రెండు నాళికలూ చేతిలోకి తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. "హెడ్డు ఇప్పేది లేదు పో" అన్నాడు. మూత కింద నురగ కూడా థర్మోస్టాట్ వేశాక తగ్గుతూ వస్తోంది.

హెడ్డు విప్పడం చిన్నపని కాదు. గ్యాస్కెట్, ఫేసింగు, కొత్త బోల్టులు, కూలి. విప్పి బిగించినా వేడి తగ్గేది కాదు. మధ్యతరగతి డబ్బు అలా ఎన్ని ఇళ్ల నుంచి పోతోందో తలుచుకుంటే బాధేస్తుంది.

డిసెంబరు 27

రేడియేటరు షాపు. విప్పకముందే వేడి కొలిచే గన్నుతో ముందువైపు అడ్డంగా, నిలువుగా చూశాం. ఎడమ పక్క 80కి అటూ ఇటూ, కుడి పక్క కింద మూలలో 45. అక్కడ నీళ్లు నడవడం లేదన్నమాట.

గ్యాస్ మంటతో టంకం కరిగించి పై ట్యాంకు ఎత్తారు. గొట్టాల నోళ్లు వరసగా కనిపించాయి. ఒక పక్కవి తెరుచుకుని ఉన్నాయి, ఇంకో పక్కవి ఇటుక రంగు సున్నంతో నిండి, కొన్నిటికి నోరే కనబడలేదు. పలచటి పట్టీ ఊచను ఒక్కో గొట్టంలోకి దించి లాగుతుంటే పొడి రాలింది. దీన్నే రాడింగ్ అంటారు. రాగి, ఇత్తడి రేడియేటరుకే ఈ భాగ్యం. ప్లాస్టిక్ ట్యాంకులు నొక్కి బిగించిన కొత్త అల్యూమినియం రేడియేటర్లను ఇలా విప్పలేరు, మార్చాల్సిందే. మళ్లీ టంకం వేసి, నోళ్లు మూసి, నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టారు. ఎక్కడా బుడగ రాలేదు.

బయటి రెక్కల మధ్య ఇంకో సంగతి. పైపైన చూస్తే శుభ్రంగానే ఉన్నాయి. లైటు వెనక పెట్టి చూస్తే వెలుతురు రావడం లేదు. గుండుసూదితో గీకితే మెత్తటి ఎండు ఒండ్రు. అది జూలై బురద. 26, 27 తేదీల మధ్య ఇరవైనాలుగు గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. 2013లో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్ల పాత రికార్డు తుడిచిపెట్టుకుపోయింది. మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది, ఇక్కడ హంటర్ రోడ్డు పక్క కాలనీల్లో జనాన్ని పడవల్లో తెచ్చారు. ఆ తర్వాతి రోజుల్లో మందులూ బియ్యం వేసుకుని తెగిన రోడ్ల మీద బురదనీళ్లలో తిరిగిన బండ్లలో ఇదీ ఒకటి. అప్పటి ఒండ్రే రెక్కల్లో ఎండి గోడ కట్టింది.

ముందు నుంచి పైపు కొడితే బురద ఇంకా లోపలికి దిగుతుంది. ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి, సన్నటి ధారతో. ఎక్కువ జోరు పెడితే రెక్కలు వంగిపోతాయి. ఎర్రనీళ్లు తెల్లబడేదాకా చాలాసేపు పట్టింది.

2024 జనవరి 2

ఫ్యాను చుట్టూ ఉండాల్సిన ప్లాస్టిక్ కప్పు ఈ బండికి లేదు. బోల్టు రంధ్రాలు మాత్రం ఉన్నాయి. బెల్టు మార్చేటప్పుడు అడ్డమని ఎవరో తీసి అవతల పెట్టి ఉంటారు. కప్పు ఉంటే ఫ్యాను మొత్తం రేడియేటరు గుండా గాలి లాగుతుంది. లేకపోతే పక్కనున్న వేడిగాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. స్క్రాప్ షాపుల్లో వెతికితే విరిగిన జిప్సీ ముక్కు ఒకటి, దానికి కప్పు దొరికాయి.

ఫ్యాను క్లచ్ కూడా చూశాం. ఇంజన్ ఆపి, వేడి మీద చేత్తో తిప్పితే గట్టిగా పట్టాలి. ఇది పట్టింది.

కూలెంట్, డిస్టిల్డ్ వాటరు సగం సగం. ముక్కు పైకుండేలా బండిని ఎత్తు మీద పెట్టి, హీటర్ తెరిచి, గాలి పోయేదాకా నింపాను. పాత నీళ్లు డబ్బాలో పట్టి ల్యాబుకు తెచ్చాను. కూలెంట్‌లో ఎథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, తియ్యగా ఉంటుంది, విషం. మోరీలో పోస్తే వీధికుక్కలు, ఆవులు తాగుతాయి. మూత్రపిండాలు పోయి చస్తాయి. షెడ్డు ముందు పచ్చనీళ్లు మడుగు కడితే చూసీ చూడనట్టు పోవద్దు.

జనవరి 7, ఆదివారం

మంచు. హీటర్. అద్దం స్పష్టం. తాడ్వాయి దాకా బాటనీ సార్ తువ్వాల తియ్యలేదు, నిద్రపోయారు.

ఫిబ్రవరి 11, ఆదివారం

మేడారం జాతర 21 నుంచి. ముందే మొక్కు తీర్చుకుందామనే జనంతో రోడ్లన్నీ నిండాయి. గట్టమ్మ దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం. పస్రా నుంచి నార్లాపూర్ వైపు బండ్లు నత్తనడక. వెనక సీట్లో అమ్మకు మొక్కిన బెల్లం. పక్కన పాత డీఐ జీపు బానెట్ ఎత్తి నిలబడింది, డ్రైవరు నీళ్లు పొయ్యడానికి సీసా పట్టుకుని ఉన్నాడు. మూత విప్పకముందే పరుగున పోయి ఆపాను. ఇంజన్ ఆపి, గుడ్డ తడిపి, అరగంట ఆగాక విప్పించాను. ఆయన ఫ్యాను బెల్టు తెగింది. వేరే సంగతి.

నా ముల్లు సగం గీత దాటలేదు. ఫ్యాను హోరు వినిపిస్తుంటే మనసుకు హాయిగా ఉంది.

తిరుగు దారి భూపాలపల్లి మీదుగా. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం చిమ్నీలు, కూలింగ్ టవర్లు. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్లది ఒకటి. టవర్ల మీద తెల్లటి ఆవిరి. బొగ్గు మంట కానీ పెట్రోలు మంట కానీ, వాడుకోలేని వేడిని ఎక్కడో వదలక తప్పదు. మన ఇంజన్‌లోనూ కాలిన పెట్రోలులో సుమారు మూడో వంతే పనికొస్తుంది. ఒక వంతు సైలెన్సరులో, మిగతాది నీళ్లలో. చక్రాలకు 15 కిలోవాట్లు పోతున్నప్పుడు నీళ్లకూ దాదాపు అంతే పోతోంది. ఇంట్లో గీజరు 2 కిలోవాట్లది. ఏడు గీజర్ల వేడిని ఆ పలచటి రాగి జల్లెడ గాలిలో కలుపుతోంది. అందులో పావు భాగం మూసుకుపోతే ఏమవుతుందో లెక్క కట్టక్కర్లేదు.

ఏప్రిల్ 14, ఆదివారం

ఎండలు ముదిరాయి. పొద్దున్నే ఉస్తాద్ ఫోన్.

"సార్, ఇంకో జిప్సీ వచ్చింది. నీళ్లు తాగుతున్నది, ఎక్కడా లీకు కనిపిస్తలేదు. మీ నీలం మందు పట్టుకొని రాండ్రి."

పోయేసరికి ఆ బండి థర్మోస్టాట్ టోపీ విప్పి ఉంది. లోపల ఖాళీ. ఉస్తాద్ కొత్తది ముందే తెప్పించి, బల్ల మీద పెట్టి ఉంచాడు. ఆయిల్ మూత కింద నురగ, డిప్‌స్టిక్ మీద కూడా పాలచాయ. గొట్టం పెట్టి బల్బు ఆయన్నే నొక్కమన్నాను. మందు చూస్తుండగానే ఆకుపచ్చై, ఇంకాసేపటికి పసుపైంది. రెండోసారి కొత్త మందుతో చేశాడు. మళ్లీ పసుపే.

"దీనిది ఇప్పాలె" అన్నాడు. అవును, దీనిది విప్పాలి.

మందు సీసా ఆయన దగ్గరే ఉంచి వచ్చాను. మీద తేదీ రాశాను. ఎండ తగలనిచోట పెట్టాలని, ప్రతిసారీ బండికి పెట్టే ముందు కొంచెం తీసి స్ట్రాతో ఊది చూడాలని, రంగు మారకపోతే నాకు చెప్పాలని, అయిపోతే ల్యాబుకు కుర్రాణ్ని పంపమని చెప్పాను.